పాలిష్ పట్టని పలక

జూలై 14, సోమవారం. సిరిసిల్ల

ఈ డైరీ కోరుట్ల హార్డ్‌వేర్ షాపువాళ్ళు కొత్త సంవత్సరానికి మా ఆయన ప్రభుదాస్‌కి ఇచ్చింది. ఏప్రిల్ దాకా ఆయన చేతిరాతే ఉంది. సీలర్‌లో థిన్నర్ ఎంత, స్పిరిట్‌లో లక్క ఎంతసేపు నానాలి, రాయికల్ వాళ్ళ తలుపులకు ఏ రంగు కలిపాడు, అన్నీ. ఆ తర్వాత ఖాళీ. ఏప్రిల్‌లోనే జగిత్యాల డాక్టరు ఎక్స్‌రే లైటుకు పెట్టి, "ఇంకొక్క ఏడాది గీ థిన్నర్ పీలిస్తే ఇగ నా దగ్గరికి రాకు, వచ్చినా నేను చేసేదేం లేదు" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా పాలిష్ పని చేసిన మనిషి తన చేతులు చూసుకున్నాడు. "ఇయ్యాల్టి నుంచి డబ్బా మూత నేనే తీస్త" అన్నాను.

పెద్ద మాటే అనేశాను. ఇరవై రెండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని ఎమరీ పేపర్ కొట్టాను కానీ, ఒక్కదాన్నే పని ఒప్పుకోవడం ఇదే మొదలు. ఇది చెడిందా, మా ఆయన సంచి భుజాన వేసుకుని మళ్ళీ థిన్నర్ ముందు కూర్చుంటాడు. నా మొగుడి మొండితనం నాకు తెలుసు. అందుకని చెడకూడదు.

కోటు వేశాక ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి కదా, ఆ కాసేపు రాసుకుంటాను. ప్రభుదాస్‌కి చెప్పనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి.

ఇల్లు సునీల్ వాళ్ళది. నాలుగు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. పాత గది కూలగొట్టి కొత్త హాలు కట్టుకున్నాడు. ఆ గదిలో వాళ్ళ నాయన నేసిన చేతిమగ్గం ఉండేదట. టేకు. దాన్ని విప్పి, వడ్రంగం చేసే వడ్ల కనకయ్యతో గోడకు నిలువెత్తు అల్మారా చేయించాడు, మీద తలుపులు, కింద నాలుగు అరలు. ఆగస్టు ఎనిమిదిన గృహప్రవేశం. "అద్దం లెక్క మెరువాలె అక్కా" అన్నాడు.

పది దాటాక చేరాను. సునీల్ భార్య అనురాధ చాయ్ ఇస్తూ, "మా అత్త పొద్దుగాలనే అల్మారకు మొక్కచ్చింది. సోమారం గద" అని నవ్వింది. అత్త శంకరవ్వ గడప మీద కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆడిమనిషివి పాలిష్ చేస్తవా బిడ్డా?" అని అడిగింది. చేస్తానన్నాను. "మంచిగనే ఉన్నది" అంది. మధ్యాహ్నం తన పక్కనే కూర్చోబెట్టుకుని అన్నం పెట్టింది. వారమంతా పడక కూడా వాళ్ళింట్లోనే, ఆదివారానికి కోరుట్ల.

జూలై 15

ఎనభై నంబరు పేపర్. తర్వాత నూట ఇరవై. టేకు లోపలి లేత రంగు తేలింది. భుజం పడిపోయింది. ప్రభుదాస్ మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "తిన్నవా?" అనే అడిగాడు, పని గురించి అడగకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో.

జూలై 16, బుధవారం

కట్టె రంధ్రాలు మూసే సీలర్ మొదటి కోటు వేసి కూర్చున్నాను. కిటికీలు తెరిచాను, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. పక్కింట్లో సాంచెలు ఒకటే చప్పుడు. మొదటిరోజు తలనొప్పిగా ఉండేది, ఇప్పుడు అవి ఆగితేనే ఏదో పోయినట్టు తల ఎత్తి చూస్తున్నాను. శంకరవ్వ గడప మీదే ఉంది. పొద్దస్తమానం అల్మారా వైపే చూపు.

ఇప్పుడే లేచి చూశాను. పైన మూడు అరలు చక్కగా పట్టాయి. కింది పలక మీద 'కళ్ళు' పడ్డాయి. ఆ మచ్చలకు మా ఇంట్లో మేం పెట్టుకున్న పేరు అది. ఎక్కడ జిడ్డు ఉందో అక్కడ పాలిష్ కట్టెను అంటుకోకుండా చుట్టూ జరిగిపోయి గుండ్రంగా గుంట పడుతుంది. ఒకటి కాదు, నలభై యాభై. పలకంతా నన్నే చూస్తున్నట్టుంది.

జూలై 17

కనకయ్యకు ఫోన్ చేస్తే చెప్పాడు. కింది అరకు వేసింది మగ్గంలో నాడె, అదే నూలు కండె పెట్టుకుని అటూ ఇటూ జారేది, పరుగెత్తిన పలక. నాడె జారాలని దానికి ఏళ్ళ తరబడి నూనె పెడతారట. ముందే చెప్పి చావొచ్చు కదా. అంటే కట్టె లోపల నూనె ఊరి ఉంది. సరే, జబ్బు తెలిసింది. ప్రభుదాస్ ఒకసారి నూనెమిల్లు వాళ్ళ బల్లకు చేసింది గుర్తుంది. ముగ్గుపిండిని థిన్నర్‌లో తడిపి పలక మీద మందంగా పరవాలి. పిండి ఆరుతూ నూనెను పైకి గుంజుకుంటుంది. గీకి, మళ్ళీ పరవాలి.

ఫోన్లో ఆయనకు చెప్పలేదు. "మంచిగ పట్టింది" అన్నాను. అరలన్నిటిలో మూడు పట్టాయి, అబద్ధమేం కాదు.

జూలై 19, శనివారం

మూడుసార్లు పిండి వేశాక పలక పొడిగా అయింది. మళ్ళీ సీలర్ వేశాను. ఒక్క కన్ను లేదు! గెంతాలనిపించింది. అనురాధ ముందు ఊరుకున్నాను.

జూలై 20, ఆదివారం. కోరుట్ల

చర్చి నుంచి వచ్చేసరికి ప్రభుదాస్ చేపల కూర వండి పెట్టాడు. ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాడు. "ఎట్లున్నది?" అంటే "సముద్రం లెక్కున్నది" అన్నాను. నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గేదాకా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

చొక్కాకు స్పిరిట్ వాసన వచ్చింది. నా సంచి అదే గదిలో పెట్టాను కదా, దాని వాసనే అయి ఉంటుంది.

జూలై 21, సోమవారం

కోరుట్ల నుంచి వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. చేరేసరికి పదకొండు. సన్న పేపర్ కొట్టి రెండో కోటు వేద్దామనుకున్నాను. కింది పలక మీద పేపర్ జిడ్డుగా మూసుకుపోయింది. లోపలి నూనె ఇంకా పైకి తేలుతోందన్నమాట. తుడిచి కోటు వేశాను.

కళ్ళు.

జూలై 22

సునీల్ వచ్చి మోకాళ్ళ మీద వంగి చూశాడు. మంచివాడే, గొంతు పెంచలేదు. అదే ఇంకా బాధ.

"అక్కా, ఇంక పదిహేడు దినాలే ఉన్నది. గా ఒక్క పలకకు సన్‌మైకా అతికిస్తే అయిపాయె గద?"

"టేకు మీద సన్‌మైకానా?"

"మరి ఏం చేద్దాం? రేపు చీరలు పెడితే నూనె అంటదా? పెద్ద మేస్త్రినన్న ఒకసారి రమ్మను."

పెద్ద మేస్త్రి. "ఆయనకు పనున్నది. నాతోనే అయితది" అన్నాను. సన్‌మైకా మాట వినగానే శంకరవ్వ గడప మీది నుంచి లేచి లోపలికి పోయింది. అన్నం కూడా పిలవలేదు.

సాయంత్రం ప్రభుదాస్ ఫోన్. "నీ గొంతు గట్లున్నదేంది? కళ్ళు పడ్డయా?"

"ఏం పడలే. జలుబు."

"నేనొస్త ఒక్క దినం."

"వస్తే నేను పోయి బావిల పడత" అన్నాను. ఇక్కడ బావి ఎక్కడుందో నాకే తెలియదు.

జూలై 23

ఏమీ రాయను.

జూలై 24, గురువారం

మళ్ళీ పిండి. నా చేతి తప్పే అయి ఉంటుంది. నిజమైన మేస్త్రి అయితే మొదటిసారే పూర్తిగా గుంజి ఉండేవాడు. ఇరవై రెండేళ్ళు పక్కన కూర్చున్నంత మాత్రాన పని వచ్చినట్టేనా అని ఒకటే ఆలోచన.

శంకరవ్వ దగ్గరికి వచ్చి కూర్చుంది. తడిపిండి పరుస్తుంటే చూసి, "కట్టెకు జరమొచ్చిందా బిడ్డా, పట్టు ఏస్తున్నవ్?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, రెండు రోజుల తర్వాత.

"గట్లనే అనుకో అవ్వా."

"తక్కువైతదా?"

"నువ్వు మొక్కు, తక్కువైతది."

తల ఊపింది. ఎంతో బాధ్యత అప్పగించినట్టు ముఖం పెట్టింది.

జూలై 26, శనివారం

పలక పొడిగా ఉంది. సీలర్ పట్టింది. ఒక్క కన్ను లేదు. పోయిన శనివారం కూడా ఇలాగే ఉంది, అందుకని గెంతబుద్ధి కాలేదు.

జూలై 27, ఆదివారం. సిరిసిల్ల

వాన పడుతోందని కోరుట్ల పోలేదు. ప్రభుదాస్‌తో కూడా అదే చెప్పాను. "ఈడ ఎండ కొడుతున్నది" అన్నాడు. "ఈడ మస్తు వాన" అన్నాను. నాలుగు చినుకులు పడిన మాట నిజం.

జూలై 28, సోమవారం

పొద్దున ఆరున్నరకు మొహం కడుక్కుని హాల్లోకి పోయాను. శంకరవ్వ తానం చేసి, తడి జుట్టుతో, అల్మారా ముందు నేల మీద కూర్చుని ఉంది. పక్కన పల్లినూనె గిన్నె. చేతిలో నూలు చిక్కుల ఉండ. కింది పలకను ఈ చివర నుంచి ఆ చివరకు రుద్దుతోంది. మెల్లగా, చంటిపిల్లకు ఒళ్ళు రుద్దినట్టు.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. గిన్నె లాక్కున్నాను. నూనె నా చీర మీద పడింది.

"గిన్ని దినాల సంది నువ్వేనా అవ్వా? నా పని చెడగొట్టింది నువ్వేనా?"

ఆమె నన్ను చూసిన చూపులో భయం లేదు. ఆశ్చర్యం ఉంది. "నేనేం చెడగొట్టిన? సోమారం సోమారం పెడుత. ఆయన మగ్గం మీద కూసునే ముందల నేనే పెట్టేది. నలభై ఏండ్లు పెట్టిన. ఆయన పోయినంక గూడ పెట్టిన. మగ్గం ఇప్పినంక కట్టెలు మూలకు పడ్డయి, అప్పుడు గూడ పెట్టిన."

"గిది మగ్గం కాదు గదనే అవ్వా, అల్మార!"

"అల్మారైతే కట్టె మారిందా?" పలక అంచు మీద ఒకచోట వేలు పెట్టింది. చిన్న నొక్కు, బొటనవేలు పట్టేంత. నేను పేపర్ కొడుతూ దాన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. "ఆయన బొటనేలు ఈడ ఆనేది. నాడె ఇసిరినప్పుడల్ల. నువ్వు రుద్ది రుద్ది కట్టెను పాలిపోయినట్టు జేస్తివి. మనిషికి నెత్తురు లేనట్టు. దానికి దూపయితున్నదని, నోరెండుతున్నదని పెట్టిన. జరమచ్చిందని నువ్వే అంటివి గద, గందుకు పోయిన సారికంటె ఎక్కువ పెట్టిన."

అవును, నేనే అన్నాను. మొక్కమన్నది కూడా నేనే.

ఆమె పక్కనే కూర్చున్నాను. రెండు వారాలుగా నా చేతిని నేనే తిట్టుకున్నాను. నా చేతిలో ఏ తప్పూ లేదు! ఆ సంతోషం ఒక పక్క. అవ్వ మీద కోపం ఇంకో పక్క. ఆ నొక్కు మూడోది. అన్నిటికీ కలిపి ఏడ్చాను. "నూనె మరక సబ్బుకు పోతది, ఏడువకు" అంది. నేను చీర కోసం ఏడుస్తున్నాననుకుంది.

అదే రోజు, మధ్యాహ్నం

పలకకు మళ్ళీ పిండి పరిచి రాస్తున్నాను. ఇప్పుడు మందు తెలుసు. నూనె పెట్టకు అని గట్టిగా చెబితే అవ్వ మానేస్తుంది. పదిరోజుల్లో అద్దంలా మెరిపించి సునీల్ చేతిలో పెట్టొచ్చు. ఆ తర్వాత సోమవారాలు? ఆమె పొద్దున్నే లేచి ఆ చేతులు ఏం చేసుకుంటుంది?

మెరిసే పాలిష్ అంటే కట్టె మీద మూత పెట్టడమే. ఆ నొక్కు కూడా మూత కింద పోతుంది.

జూలై 29, మంగళవారం

నిర్ణయం తీసుకున్నాను. ప్రభుదాస్‌ని అడగలేదు. పైన మూడు అరలకూ తలుపులకూ సునీల్ కోరిన మెరుపు. కింది పలకకు సీలర్ మొత్తం తీసేసి, కాచిన అవిసె నూనె. పల్లినూనె ఎన్నటికీ ఆరదు, జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె పలచగా రాసి పొడిగుడ్డతో తుడిస్తే కట్టెలోనే గట్టిపడుతుంది. చీర పెట్టినా అంటదు.

సునీల్ ఒప్పుకోలేదు. "మీదంత మెరిసి కిందిదొక్కటి అలిగి కూసున్నట్టుంటది అక్కా."

"ఒక్కసారి ఈ నొక్కు మీద వేలు పెట్టు తమ్మీ" అన్నాను. పెట్టాడు. ఏమిటన్నాడు. శంకరవ్వ చెప్పింది. అతను పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్న పలక, అతనికి ఆ సంగతి తెలియదు. నొక్కులో వేలు ఒకసారి అటూ ఇటూ తిప్పి, "సరే, నీ ఇష్టం" అని సాంచెల దగ్గరికి పోయాడు.

జూలై 30

అవిసె నూనె మొదటి చెయ్యి. ఆరడానికి ఒక రోజంతా. ఎంతైనా రాసుకోవచ్చు కానీ, మనసు నెమ్మదిగా ఉంటే రాయడానికి ఏముంటుంది?

నూనె గుడ్డలు ఉండచుట్టి పడేయకుండా దండెం మీద విప్పి ఆరేశాను. ఉండగా ఉంటే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఇది ప్రభుదాస్ నేర్పిందే.

ఆగస్టు 1, శుక్రవారం

రెండో చెయ్యి అవ్వతో వేయించాను. ఎక్కువ పోస్తుంటే తిట్టాను. "నువ్వు మా అత్త కంటె గట్టిదానివి" అంది. తర్వాత బేరం. నెలకోసారి పెట్టమన్నాను, వారం వారం పెడతానంది. చివరికి తెగింది ఇది: ప్రతి సోమవారం పొడిగుడ్డతో రుద్దడం, నెలలో మొదటి సోమవారం మాత్రం నూనె. ఈ సీసాలోదే, వంటింటిది కాదు. మూడే మూడు చుక్కలు. "ఐదు" అంది. "మూడు" అన్నాను. "నాలుగు" అంది. సరేనన్నాను.

ఆగస్టు 3, ఆదివారం. కోరుట్ల

మళ్ళీ చొక్కాకు స్పిరిట్ వాసన. ఈసారి నా సంచి సిరిసిల్లలోనే వదిలి వచ్చాను.

మంచం కింద చూస్తే స్పిరిట్ సీసా ఉంది. సగానికి దిగింది. నా వెనక ఎవరిదో పని ఒప్పుకున్నాడు. నేను అక్కడ చచ్చీ చెడీ చేస్తున్నదంతా ఎందుకోసం? సీసా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఎవలి తలుపులు?"

"ఏ తలుపులు?"

"మరి గిదెట్ల తగ్గింది? తాగుతున్నవా?"

"నీ నోరు పడ. మూత తీసి పక్కకు పెట్టుకుంటున్న, గంతే. దానంతటదే ఎగిరిపోతున్నది."

"ఎందుకు?"

నా మొహం చూడకుండా చెప్పాడు. "నువ్వు ఇంట్ల లేవు గద. ఇరువై రెండేండ్ల సంది ఇల్లంటే గీ వాసననే. నీ చేతులకు గీ వాసన, నీ చీరకు గీ వాసన. ఇప్పుడు ఇంట్ల ఉత్త గోడల వాసనొస్తున్నది. నిద్ర పడుతలేదు లీలా."

కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. ఈ మనిషిని నేను ఎంతగా ప్రేమిస్తున్నానో నాకే ఆ నిమిషం దాకా తెలియలేదు. అక్కడ ఆమె, ఇక్కడ ఈయన. నా పని ప్రేమతోనే చెడగొట్టాలని ఇద్దరూ కలిసి ఒట్టు పెట్టుకున్నట్టున్నారు.

అప్పుడు అన్నీ చెప్పాను. కళ్ళు, పిండి, సన్‌మైకా, శంకరవ్వ, బావి. అంతా విని, "అవిసె నూనెకు థిన్నర్ కలిపినవా?" అని మాత్రం అడిగాడు.

"చుక్క కలుపలే."

"అంటే వాసన?"

నా చీర కొంగు ఆయన ముక్కు దగ్గర పెట్టాను. మెల్లగా పీల్చాడు. దగ్గు రాలేదు.

ఆగస్టు 8, శుక్రవారం

గృహప్రవేశం. ప్రభుదాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో వచ్చాడు. బస్టాండు నుంచి ఇంటికి మూడుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. చెప్పు తెగిందని నటించి, నా కోసమే ఆగినట్టు చేశాను.

వచ్చినవాళ్ళు మెరిసే అరల్లో మొహాలు చూసుకున్నారు. ప్రభుదాస్ మాత్రం తిన్నగా పోయి కింది పలక ముందు కూర్చున్నాడు. పైన చూడలేదు. చెయ్యి అడుగుకు పెట్టి, ఎవరికీ కనిపించని వైపు తడిమాడు. ఏ మేస్త్రి పనైనా ఆయన చూసేది అక్కడే. చాలామంది అక్కడ రుద్దరు. ఆయన వేళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు పోయేదాకా ఆయన మొహమే చూశాను.

"అడుగు గూడ రాసినవా" అన్నాడు.

"రాసిన."

ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను ఇంతకంటే ఎక్కువ మెచ్చుకున్నది లేదు.

తిరిగి వస్తుంటే వెనక్కి చూశాను. చుట్టాలు భోజనాల దగ్గర ఉన్నారు. పట్టుబట్టలతో సునీల్ ఒక్కడే నేల మీద కూర్చుని ఆ నొక్కులో బొటనవేలు పెట్టి ఉన్నాడు.

ఆగస్టు 11, సోమవారం. కోరుట్ల

మంచం కింది సీసా లేదు. కడిగి, ఎండకు బోర్లించి పెట్టాడు.

ఇంటి ముందు కూర్చుని ఎమరీ పేపర్లు నాలుగు మడతలు వేస్తుంటే ఫోన్ మోగింది. నంబరు ఇప్పటికీ ఆయనదే, అందరి దగ్గరా ఉన్నది అదే. రాయికల్ నుంచి ఎవరో. సిరిసిల్లలో మా పని చూశారట. "పాలిష్ మేస్త్రేనా?" అన్న గొంతు నాకు కూడా వినిపించింది.

"కాదు" అన్నాడు ప్రభుదాస్. "మేస్త్రి పేపర్లు మడుస్తున్నది. ఇస్తున్న, జర ఆగు."

ఫోన్ నా చేతికి ఇచ్చాడు. అవతలివాళ్ళది పాత టేకు పుస్తకాల బీరువా, నూనె పనే కావాలన్నారు, ఎప్పుడొస్తారని అడిగారు. నేను పక్కకు చూశాను. ఆయన అప్పటికే నూనె గుడ్డలు దులిపి, ఒక్కొక్కటీ మడిచి, సంచిలో సర్దుతున్నాడు.

"ముందుగాల నేనచ్చి నాలుగు దినాలు పేపర్ కొట్టిపోత" అన్నాను. "దుమ్మంత పోయినంక, నూనె పెట్టెతందుకు ఇద్దరం వస్తం."